‘బ్రేకులు ఫెయిల్’ అనే అబద్ధం

జిల్లా పేజీలో వచ్చే ఆ వాక్యం మనందరికీ కంఠతా వచ్చు. ‘బ్రేకులు ఫెయిలవడంతో వాహనం అదుపు తప్పి...’ అని మొదలవుతుంది. ఆ తర్వాత ఒక చెట్టో, కాలువో, ఎదురొచ్చిన ఆటోనో, ఆ ఆటోలోని మనుషులో. చదివి ‘అయ్యో, బ్రేకులు ఫెయిలైతే ఎవరు మాత్రం ఏం చేస్తారు’ అని పేజీ తిప్పేస్తాం. నాకు ఆ వాక్యం మీద పీకల దాకా కోపం ఉంది. అందులో మనిషి లేడు. బండి కొన్నవాడు లేడు, నడిపినవాడు లేడు, మొన్ననే బాగుచేసి డబ్బు తీసుకున్నవాడు లేడు. పిడుగు పడినట్టు, ఉప్పెన వచ్చినట్టు బ్రేకు దానంతటదే ‘ఫెయిలైంది’. చచ్చినవాళ్లు వాళ్ల ఖర్మకి వాళ్లు చచ్చారు. కేసు మూసేశారు.

పిడుగు చెప్పి పడదు. బ్రేకు చెప్పే పోతుంది. వారాల ముందు నుంచి, ఒక్కోసారి నెలల ముందు నుంచి చెబుతుంది. చెవికి చెబుతుంది, కాలికి చెబుతుంది, ముక్కుకి చెబుతుంది. చివరికి డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం పెట్టి కంటికీ చెబుతుంది. ఇన్ని చెప్పాక కూడా ఆ బండి రోడ్డెక్కి ఒకరిని గుద్దిందంటే, అది విననివాడు చేసిన పని. దానికి ప్రమాదమని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

నేనూ విననివాణ్ణే. అందుకే ఇంత కోపం.

మాది కవిటి వైపు ఊరు. మా వదినకి వారానికి మూడు రోజులు డయాలసిస్. నాలుగేళ్ల కిందట ఆవిణ్ణి పలాస తీసుకెళ్లి తీసుకురావడానికనే ఒక పాత చిన్న కారు కొన్నాను. కొన్న కొన్నాళ్లకి మలుపుల్లో ఎర్ర దీపం వెలిగి ఆరిపోవడం మొదలైంది. గుండ్రటి గీత మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తుండే దీపం. ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బానెట్ ఎత్తి చూసి, ‘ఆయిల్ తగ్గింది మాస్టారూ, పోసేసినాను. ఇంకేటి బెంగ లేదు, ఎల్లిపోండి’ అన్నాడు. దీపం ఆరింది. నేను సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేశాను. రెండు వారాలకి మళ్లీ వెలిగింది. మళ్లీ పోశాడు. ఆ ఆయిల్ ఎక్కడికి పోతోందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మూసి ఉన్న గొట్టాల్లో ఉండే ఆయిల్ అది. పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. చదువుకున్నవాణ్ణి, నాకా ప్రశ్న రావాలి. రాలేదు.

మూడో వారం, తెల్లవారి ఆరు గంటల వేళ, కొబ్బరి తోటల మధ్య లోపలి రోడ్డు. ముందు ఆవులు. పెడల్ తొక్కాను. నా కాలు దాదాపు నేలకి తగిలింది. బ్రేకు కొంచెం పట్టీ పట్టనట్టు పట్టింది, బండి ఓ పక్కకి ఈడ్చింది, ఆగలేదు. గేరు రెండోకి లాగి, హ్యాండ్ బ్రేక్ ఎత్తుకుంటూ, కంచె వైపు తిప్పేశాను. ఇసక నేల కాబట్టి చక్రాలు దిగబడి బండి ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే వదిన తన ఎడమ చేతిని కుడిచేత్తో గుండెలకి అదుముకుని ఉంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ఆ చేయి ప్రాణం. రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్ట్యులా ఉండేది అక్కడే, సూదులు దిగేది అక్కడే. దానికి దెబ్బ తగిలితే రక్తం ఆపడమే కష్టం. ‘ఏటీ కాలేదు బాబూ, చెయ్యి బాగుంది’ అంది. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

తర్వాత వేరే మెకానిక్ వచ్చి వెనక చక్రం విప్పి, డ్రమ్ము ఊడదీశాడు. లోపల బ్రేక్ షూలు నూనెలో ముంచి తీసినట్టున్నాయి. వీల్ సిలిండర్ సీలు పోయింది. అక్కణ్ణుంచి కారిన ఆయిల్ టైరు లోపలి వైపుకి దిగి, దుమ్ము పట్టి, నల్లటి జిగురులా గడ్డకట్టింది. ఆయన వేలితో గీకి నా కళ్ల ముందు పెట్టి, ‘ఇది నిన్నా మొన్నా కారింది కాదు మాస్టారూ’ అన్నాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు తీసి చూపించాడు. అవి అట్టముక్క మందం కూడా లేవు. అంటే ఆ కారు నాకు రెండు చోట్ల నుంచి చెబుతూ వచ్చింది. మొదటి మెకానిక్ చేసిందల్లా దాని నోట్లో గుడ్డ కుక్కడం. దానికి నేను డబ్బులిచ్చాను.

ఆ రోజు ఆ కంచె బదులు ఒక బడిపిల్ల ఉండి ఉంటే, మర్నాడు పేపర్లో ఏం వచ్చి ఉండేది? ‘బ్రేకులు ఫెయిలవడంతో...’ అనే వచ్చి ఉండేది. నేనూ దాన్నే నమ్మి, పెద్దమనుషుల ముందు తల దించుకుని, ‘నా చేతుల్లో ఏముంది’ అని ఉండేవాణ్ణి.

మా ఉద్దానంలో ఏ అరుగు మీద కూర్చున్నా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాట వినిపిస్తుంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా తన అంకె ఎంతో చెబుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం ఊళ్లలో ఒళ్లు గుల్ల చేసిన కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. వెతుకులాట సాగుతూనే ఉంది. కిడ్నీ చెప్పదు. సగానికి పైగా పాడయ్యేదాకా చాలాసార్లు లక్షణాలే కనపడవు. ఆ చెప్పని అవయవాన్ని కనిపెట్టుకుని ఉండడానికి మనం సూదులు గుచ్చించుకుంటున్నాం, మూడు నెలలకోసారి లైన్లో నిలబడుతున్నాం. అలాంటి నేల మీద, చెప్పీ చెప్పీ గొంతు పోయే వస్తువుని, జబ్బుకి కారణాలన్నీ తెలిసిన వస్తువుని, నాలుగు చక్రాలు విప్పితే గుట్టంతా బయటపడే బ్రేకుని మనం చూడం. ఆ వస్తువు మీద నమ్మకంతోనే రోగుల్ని ఎక్కించుకుని డయాలసిస్‌కి బయల్దేరతాం. ఇది నా ఊరి మీద నేను చేస్తున్న ఫిర్యాదు.

ముందు ఆ ఆయిల్ సంగతి తేల్చుకుందాం. మనం ‘బ్రేక్ ఆయిల్’ అంటాం గానీ అది నూనె కాదు. నూనె అనుకునే కొందరు తెలియక ఇంజన్ ఆయిల్ పోసేస్తారు. అప్పుడు లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి, మొత్తం బ్రేకుల వ్యవస్థే నాశనమవుతుంది. బ్రేక్ ద్రవానికి ఒక గుణం ఉంది. గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డబ్బా మూత తీసి పెడితే పీలుస్తుంది, బండిలో ఉన్నా రబ్బరు గొట్టాల గుండా మెల్లమెల్లగా పీలుస్తుంది. డబ్బా మీద డాట్ 3 అని ఉంటే, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు పట్టాక అది 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. బ్రేకు వేసిన ప్రతిసారీ బండి వేగమంతా వేడిగా మారి చక్రం దగ్గరే పోగవుతుంది. ఆ వేడికి నీరు పట్టిన ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, అందుకే కాలి ఒత్తిడిని చక్రం దాకా మోస్తుంది. ఆవిరి నలుగుతుంది. పెడల్ తొక్కితే ఆవిరి నలిగి ఊరుకుంటుంది, ప్యాడ్ కదలదు. పెడల్ దూదిలా మెత్తగా అనిపించడానికి ఇదొక కారణం. గొట్టాల్లో గాలి చేరడం ఇంకో కారణం.

అందుకే రెండేళ్లకోసారి, లేదా కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకి, ఆ ద్రవాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పోయించాలి. పైన కాస్త పోస్తే చాలదు. మనది సముద్రపు గాలి. బారువలో, అక్కుపల్లిలో, తీరం పొడుగునా ఇనప గేటు రెండేళ్లలో ఎలా పొక్కులు లేస్తుందో మీకు తెలుసు. ఆ గాలే మీ కారు కిందికీ పోతుంది. రెండేళ్లన్నది పొడి నేలకి కూడా చెప్పే లెక్క, మనకి అదే పెద్ద గడువు. అర లీటరు బ్రేక్ ఆయిల్ డబ్బా ఖరీదు పలాసలో కిలో జీడిపప్పు ఖరీదుకన్నా తక్కువ. పెళ్లికి వచ్చిన చుట్టాలకి కిలోలు కిలోలు పొట్లాలు కట్టి పంపే చేతులు మనవి. ఈ ఒక్క డబ్బా దగ్గర మాత్రం వెనకాడతాయి.

ద్రవం తగ్గిందంటే రెండే అర్థాలు. ఎక్కడో కారుతోంది, లేదా ప్యాడ్లు అరిగాయి. ప్యాడ్ అరిగిన కొద్దీ పిస్టన్ ముందుకి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ద్రవం దిగుతుంది, పైన డబ్బాలో మట్టం తగ్గుతుంది. మట్టం తగ్గడమే ఒక కబురు. కారణం వెతక్కుండా పైన ఆయిల్ పోయడమంటే ఆ కబురు తెచ్చినవాడి పీక నొక్కేయడం. ‘ఆయిల్ తగ్గింది, పోసేసినాను’ అన్న మాట ఏ మెకానిక్ నోటి నుంచి విన్నా, ‘ఎందుకు తగ్గింది?’ అని అడగండి. చక్రాలు విప్పి చూపించమనండి. విసుక్కుంటే బండి తీసుకుని ఇంకో షెడ్డుకి పొండి. పలాస, కాశీబుగ్గ, టెక్కలిలో చక్రం విప్పి, అరిగిన ముక్క చేతిలో పెట్టి చూపించే మంచి పనివాళ్లున్నారు. నా కారు గుట్టు బయటపెట్టింది అలాంటివాడే. వాళ్లకి పని దొరకాలంటే అడిగేవాళ్లు పెరగాలి.

ఇక చెవికి చెప్పే సంగతి. చాలా కార్ల ప్యాడ్లకి ఒక చిన్న ఇనప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చేసరికి ఆ రేకు చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కి తగిలి కీచుమని అరుస్తుంది. అది పనిగట్టుకుని పెట్టిన ఏర్పాటు. ఒక ఇంజనీరు ఎక్కడో కూర్చుని, మీకు వినిపించాలనే ఆ రేకుని అక్కడ అమర్చాడు. మనవాళ్లు ఆ కీచుకి పాట సౌండు పెంచుతారు. కొందరు ప్యాడ్ తీసి గరుకు కాగితంతో రుద్దించి, ఆ రేకుని వంచేయిస్తారు. ‘ఇప్పుడు చప్పుడు లేదు’ అని తృప్తి పడతారు. ఆ తర్వాత వచ్చేది కీచు కాదు, గరగరమని ఇనుము ఇనుముని కొరికే చప్పుడు. అది మొదలయ్యాక ప్యాడ్లతో పాటు డిస్కులూ పోతాయి. చిన్న కారుకి ముందు ప్యాడ్ల సెట్టు ఖరీదు రెండు మూడు కిలోల జీడిపప్పు ఖరీదు. అది మిగుల్చుకోబోయి డిస్కుల ఖర్చు నెత్తికి తెచ్చుకుంటారు. ఆ మధ్యలో ఎవరూ బండికి అడ్డం రాకపోతే అది వాళ్ల అదృష్టం.

రాత్రంతా మంచులోనో వానలోనో ఉన్న బండి పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి కాస్త గరగరమంటుంది. డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు అది, వెంటనే రాలిపోతుంది. దానికి భయపడనక్కర్లేదు. ఆ తర్వాత కూడా చప్పుడు వస్తుంటే మాత్రం నిర్లక్ష్యం చేయకండి.

తుప్పు చేసే అసలు ద్రోహం వేరే చోట ఉంది. ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కేలిపర్ జరగడానికి రెండు పిన్నులుంటాయి. ఉప్పుగాలికి, ఇసకకి అవి పట్టేస్తే కేలిపర్ జరగదు. పిస్టన్ వైపున్న లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతూ పోతుంది. బయట నుంచి చూస్తే ప్యాడ్ నిండుగా, నిక్షేపంలా కనిపిస్తుంది. లోపలిది రేకు దాకా వచ్చేసి ఉంటుంది. అందుకే చక్రం సందుల్లోంచి ఫోను లైటు వేసి బయటి ప్యాడ్ చూసి ‘బాగుంది’ అనేస్తే చాలదు. ఏడాదికి కనీసం ఒకసారి, తీరం ఊళ్లలో అయితే ఆరు నెలలకోసారి, చక్రం విప్పాలి, పిన్నులు శుభ్రం చేసి వాటికి పెట్టే గ్రీజు పెట్టాలి, లోపలి ప్యాడ్ కొలవాలి. కొత్త ప్యాడ్ సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన ఆ రోజుల్లో వాననీళ్లలో నానిన బళ్లని ఎండబెట్టి, స్టార్టయ్యాయి కదా అని అలాగే నడిపేసినవాళ్లని నేను చూశాను. ఇంజన్ స్టార్టయితే బండి బాగున్నట్టే అన్న మన లెక్క అసలు తప్పు. బండి కదలకపోతే ఇంటి దగ్గరే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఆగని బండే చంపుతుంది.

బ్రేకు వేసినప్పుడు బండి ఎడమకో కుడికో లాగుతుంటే, ఒక పక్క పట్టి రెండో పక్క పట్టడం లేదని అర్థం. ముందు టైర్ల గాలి చూడండి. అది సరిగా ఉంటే కేలిపర్, గొట్టం అనుమానించండి. పెడల్, స్టీరింగ్ వణుకుతుంటే డిస్క్ మందం అంతటా ఒకేలా లేదు. కాసేపు నడిపి దిగగానే ఒక్క చక్రం దగ్గరే మాడు వాసన, వేడి సెగ వస్తుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. డిస్క్‌ని చేత్తో ముట్టకండి, చర్మం ఊడొస్తుంది.

పెడల్ రాయిలా గట్టిబడితే అది బూస్టర్ సంగతి. మన కాలి బలాన్ని కొన్ని రెట్లు పెంచేది అదే. అది ఇంజన్ నడుస్తున్నంతసేపే పనిచేస్తుంది. ఇంజన్ ఆపితే రెండు మూడు సార్లు తొక్కేసరికి దాని బలం అయిపోతుంది. ఈ సంగతి తెలిసీ పల్లంలో ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో వదిలేసి డీజిల్ మిగిల్చే డ్రైవర్లున్నారు. వాళ్లది పొదుపు కాదు, బరితెగింపు. శివరాత్రికి మహేంద్రగిరికి మనవైపు నుంచి బళ్లు కడతారు. 1,501 మీటర్ల కొండ. ఎక్కడానికి ఇంజన్ పనిచేస్తుంది, దిగడానికి బ్రేకు. ఆ దిగుడంతా న్యూట్రల్‌లో, బ్రేకు మీదే కాలేసి దిగితే ప్యాడ్లు కాలి, ద్రవం మరిగి, కొండ సగానికి వచ్చేసరికి పెడల్ చచ్చుబడుతుంది. ఏ గేరులో ఎక్కామో సుమారుగా ఆ గేరులోనే దిగాలని మన పాత లారీ డ్రైవర్లు చెప్పేవారు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకి విశ్రాంతి దొరుకుతుంది. కొత్త కుర్రాళ్లకి ఎవరు చెబుతున్నారు?

కొండగట్టు మరిచిపోయామా? 2018 సెప్టెంబరు 11. జగిత్యాల జిల్లా. ఆంజనేయస్వామి గుట్ట దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ‘బ్రేకులు ఫెయిల్’ అన్న మాట ఆ పూటే ఊరూరా పాకింది. ఆ బస్సులో ఉన్నది నూరు మందికి పైగా. దాదాపు రెండు బస్సుల జనాన్ని ఒక్క బస్సులో కుక్కి ఘాట్ దింపారు. బరువు పెరిగితే ఆపాల్సిన శక్తి పెరుగుతుంది, పుట్టే వేడి పెరుగుతుంది. ఆ బస్సు బ్రేకుల పరిస్థితి ఏదైనా, వాటి మీద అంత బరువు పెట్టిన చేతులు మనుషులవి. ఆ సంగతి రెండు ముక్కల్లో కొట్టిపారేయడం చచ్చినవాళ్లకి మనం చేసిన రెండో అన్యాయం.

మన దగ్గరా బరువు తక్కువేం కాదు. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి గ్రానైటు దిమ్మలు కదులుతుంటాయి. ఘనపు మీటరు గ్రానైటు రెండు టన్నుల ఏడు వందల కిలోల దాకా తూగుతుంది. అలాంటి లారీ మీ వెనక వస్తున్నప్పుడు దాని బ్రేకు సంగతి మీ చేతుల్లో లేదు. మీ ముందున్నదాన్ని గుద్దకుండా ఆగడం మాత్రం మీ చేతుల్లో ఉంది. ఒకప్పుడు ఎన్‌హెచ్ 5, ఇప్పుడు ఎన్‌హెచ్ 16 అంటున్న ఆ రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. అడ్డం వచ్చింది చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర పడుతుంది, అప్పటికే 33 మీటర్లు పోయాం. మంచి బ్రేకు పొడి రోడ్డు మీద ఇంకో 35 మీటర్లలో ఆపుతుంది. సగం పట్టే బ్రేకుకి 70 మీటర్లు కావాలి. ఆ తేడా 35 మీటర్లు. ఒక బర్రెల మంద, ఒక స్కూలు ఆటో, రోడ్డు దాటుతున్న జీడి కార్మికురాలు, అందరూ ఆ 35 మీటర్లలో పడతారు. 2012 నవంబరు 2 తెల్లవారుజామున రణస్థలం దగ్గర, ఇదే రహదారి మీద, కారు ట్యాంకరుని ఢీకొని మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు గారిని పోగొట్టుకున్న జిల్లా మనది. అది బ్రేకుల వల్ల జరిగిందని నేననడం లేదు. ఆగడానికి చాలినంత దూరం దొరకని రోడ్డు ఎంతటివాణ్ణైనా తీసుకుపోతుందని మనకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు, అంతే.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని మన జనం ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరు’ అంటారు. ఆయన ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఏదో జనానికి తెలుసు కాబట్టే ఆ పేరు పెట్టారు. లారీకి, ట్యాక్సీకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష (ఎఫ్‌సీ) ఉంది. అది ఎంత నిజాయితీగా జరుగుతోందన్నది వేరే చర్చ. మన సొంత కారుకో? కొన్న రోజున రిజిస్ట్రేషన్. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆ కారు బ్రేకు పడుతోందా లేదా అని చట్టం ఒక్కసారి కూడా చూడదు. పదిహేనేళ్లు! ఆ కారు కొన్న రోజు పుట్టిన పిల్ల పదో తరగతి పరీక్ష రాస్తుంది, ఈ మధ్యలో పది పరీక్షలు రాసి ఉంటుంది. కారు ఒక్కటీ రాయదు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారు ఏటా పరీక్షకి నిలబడాలి. జపాన్‌లో మొదటి మూడేళ్ల తర్వాత ప్రతి రెండేళ్లకీ. మనకి పొగ సర్టిఫికెట్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. బ్రేకు సర్టిఫికెట్ అక్కర్లేదు. పొగ గొట్టంలో గొట్టం పెట్టి చూసే రాజ్యం బ్రేకు మీద కాలు పెట్టి చూడదు. ఇది సిగ్గుచేటని నేను నిలబడి చెబుతాను, వాదించేవాళ్లెవరో రండి.

చట్టం మనల్ని మాత్రం వదల్లేదు సుమా. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ చదవండి. బండిలో లోపం ఉందని తెలిసి నడిపితేనే నేరం అనుకుంటే పొరపాటు. మామూలు శ్రద్ధ పెడితే కనిపెట్టగలిగే లోపాన్ని కనిపెట్టకుండా, జనానికి ప్రమాదమయ్యేలా నడపడం కూడా నేరమే. దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు. ‘నాకేటి తెలుసు, బ్రేకు ఫెయిలైపోనాది’ అన్నది చట్టం ముందు సమాధానం కాదు. తెలుసుకోకపోవడమే తప్పు అంటోంది చట్టం. పేపర్లో ఆ వాక్యం రాసేవాళ్లు, స్టేషన్లో ఆ వాక్యం రాసుకునేవాళ్లు ఆ సెక్షన్ ఒక్కసారి తీసి చూడాలి. చివరిసారి ఆ బండి చక్రాలు ఎప్పుడు విప్పారు, ఎవరు విప్పారు అని ఒక్క ప్రశ్న వేయాలి.

సెకండ్ హ్యాండు బళ్ల దగ్గర నా కడుపు మరీ మండుతుంది. పట్నంలో ఎనిమిదేళ్లు, పదేళ్లు నలిగిన కార్లకి రంగేసి, కొత్త సీటు కవర్లు తొడిగి, సెంటు కొట్టి మన ఊళ్లకి తోలతారు. మనం ఏం చూస్తాం? రంగు చూస్తాం, మీటరు రీడింగ్ చూస్తాం, ఏసీ చల్లగా ఉందా చూస్తాం, పాటలొస్తున్నాయా చూస్తాం. చక్రం విప్పించి కొన్నవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. నేనే విప్పించలేదు. ఎద్దుని కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టిన రైతుల మనవళ్లం.

బండి కొన్నాక రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గరికో, అరసవల్లికో తీసుకెళ్తాం. పూజ చేయించండి, తప్పు లేదు, నేనూ చేయించాను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతాం. ఆ కాయ పెట్టడానికి ఎలాగూ వంగుతాం కదా, మోకాలి మీద కూర్చుని ఒక్క నిమిషం ఆ చక్రం వెనక వైపు చూడండి. టైరు లోపలి గోడ తడిగా, జిడ్డుగా ఉందా? రబ్బరు గొట్టం పగుళ్లిచ్చిందా? దేవుడు మనకి కళ్లిచ్చింది అందుకే.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష చెబుతాను. డబ్బు ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని. ఇంజన్ ఆపి ఉండగా పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిబడుతుంది. కాలు అలాగే అదిమి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగితే బూస్టర్ బతికే ఉంది. దిగకపోతే బండి కదపకండి. ఇప్పుడు ఇంజన్ నడుస్తుండగానే పెడల్‌ని గట్టిగా తొక్కి పట్టుకుని ముప్పై లెక్కపెట్టండి. ఒకచోట నిలిచి ఉండాలి. మెల్లమెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయాయి. మాస్టర్ సిలిండర్ లోపల్లోపలే జారితే బయట ఒక్క చుక్క కనపడదు, డబ్బాలో మట్టమూ తగ్గదు. కాలొక్కటే దాన్ని పట్టుకోగలదు. బానెట్ ఎత్తి ద్రవం మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. అది కాఫీ డికాక్షన్ రంగుకి తిరిగితే మార్చేయండి. రంగు మారకపోయినా గడువు దాటితే మార్చేయండి. రాత్రి బండి నిలిపిన చోట పొద్దున నేల మీద చుక్కలున్నాయేమో చూడండి. చివరికి ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ ఒకసారి గట్టిగా బ్రేకు వేసి, బండి తిన్నగా ఆగిందో లేదో చూడండి.

ఎప్పుడైనా రోడ్డు మధ్యలో పెడల్ పోతే, చేతులు చల్లబడకుండా ఒకటి గుర్తుంచుకోండి: ఇంజన్ ఆపకూడదు. ఆపితే బూస్టరూ పోతుంది, స్టీరింగూ బిగుస్తుంది. పెడల్‌ని వెంటవెంటనే పంపు కొట్టినట్టు తొక్కండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటీ దించండి. హ్యాండ్ బ్రేకుని ఒక్కసారిగా లాగితే బండి జారి అడ్డం తిరగొచ్చు, బొత్తాం నొక్కి ఉంచి మెల్లగా ఎత్తుతూ పోవాలి. హారన్, లైట్లు ఆపకండి. ఇసకో, కంచో, మెత్తటిదేదైనా కనిపిస్తే అటు తిప్పండి. నన్ను ఆపింది ఇసకే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సొంత కార్లకి ఐదేళ్లు దాటాక రెండేళ్లకోసారైనా బ్రేకు పరీక్ష పెట్టండని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఆ పరీక్ష శ్రీకాకుళంలో పెట్టి పలాస, ఇచ్ఛాపురం జనాన్ని అంత దూరం తిప్పకుండా, మా దగ్గరే పెట్టండి. షెడ్డు పెట్టుకున్న అన్నదమ్ముల్ని అడుగుతున్నాను, సర్వీసింగ్ బిల్లు మీద నాలుగు చక్రాల దగ్గరా ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో, వెనక షూ ఎంత ఉందో అంకె వేసి సంతకం పెట్టండి. క్రియాటినిన్ అంకె కాగితం మీద చూసుకునే జనానికి ఈ అంకె చదవడం కష్టమేం కాదు. రోగుల్ని, బడిపిల్లల్ని ఎక్కించుకునే ప్రతి బండి యజమానినీ అడుగుతున్నాను, ఆ కాగితం బండిలో ఉంచండి. ఎక్కేవాళ్లు అడిగితే చూపించండి. ఎక్కేవాళ్లూ, అడగడానికి మొహమాటపడకండి. ప్రాణం మీది.

రేపు పొద్దున ఎవరినైనా ఎక్కించుకునే ముందు ఇంజన్ స్టార్ట్ చేసి, పెడల్ తొక్కి పట్టి ముప్పై లెక్కపెట్టండి. కిందికి జారితే తాళం తీసి జేబులో వేసుకుని, బస్సులో తీసుకెళ్లండి.